ట్యాబ్ వెనక మావయ్య నంబరు

మా ఇంట్లో నంబరు లేని వస్తువు దాదాపు లేదు. గొడుగు పిడి మీద ఉంటుంది, సైకిలు పంపు మీద ఉంటుంది, కొబ్బరికోరు పీట కింద ఉంటుంది, ఆఖరికి నా కాపురానికి పుట్టింటివాళ్ళు పంపిన ఇత్తడి బిందె అడుగున కూడా ఉంటుంది. మిగతా ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు. మా ఇంట్లో పేర్లు కాదు, నంబరు. ఏడుతో మొదలయ్యే నాలుగంకెల నంబరు. అది మా మావయ్య టికెట్ నంబరు.

మావయ్య అంటే మా ఆయన తండ్రి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఫిట్టరుగానే రిటైరయ్యారు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాత వచ్చి ఇందులోనే చేరాడట, తర్వాత తండ్రి, తర్వాత ఈయన. మా ఆయన ఒక్కరే ఆ గేటు తప్పించుకుని గూడ్సు బళ్ళకి గార్డయ్యారు. ఇంట్లో కంటే స్టేషన్లలో బండి సిబ్బందికిచ్చే రన్నింగ్ రూముల్లో పడుకునేదే ఎక్కువ. అందుకని తాల్‌బగీచాలో మా ఇంట్లో పగలంతా ఉండేది నేనూ, మావయ్యా. మా అమ్మాయి మేదినీపూర్ కాలేజీకి పొద్దున్న బండిలో వెళ్ళి సాయంత్రం బండిలో వస్తుంది.

వర్క్‌షాపులో మనిషికి టికెట్ నంబరు ముందు, పేరు తర్వాత. పొద్దున్న గేటు దగ్గర ఆ నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని లోపలికి వెళ్ళేవారట. సొంతంగా కొనుక్కున్న పనిముట్ల మీద అదే నంబరు వేసుకునేవారు. ఎవరైనా రిటైరైతే ఆయన కొలతలు తీసే కాలిపరూ, స్కేలూ, మూలమట్టమూ కుర్రవాళ్ళు కొనుక్కునేవారు. అప్పుడు వాళ్ళు ముందు చూసేది వస్తువుని కాదు, దాని మీది నంబరుని. మంచి ఫిట్టరు నంబరున్న కాలిపరుకి ఎక్కువ పలికేది. ఆయన దాన్ని కింద పడేసి ఉండడు, తడి చేత్తో పట్టుకుని ఉండడు, ఇంకొకరికి అరువిచ్చి ఉండడు అని నమ్మకం. కొన్నవాడు పాత నంబరు చెరపకుండా దాని కింద తన నంబరు వేసుకునేవాడు. ఇచ్చేవాడు స్వయంగా వచ్చి కొత్తవాడి చేతిలో పెట్టాలి, మధ్యలో ఇంకొకరి చేయి ఉండకూడదు. నంబరు గీకేసిన సామాను మాత్రం ఎవరూ ముట్టుకునేవారు కాదు. అది దొంగసామాను కిందే లెక్క.

మావయ్య కర్రపెట్టెలో ఒక కాలిపరు ఉంది. దాని మీద మూడు నంబర్లుంటాయి. మొదటిది ఆయనకి పని నేర్పినాయన గురువుది, రెండోది పని నేర్పినాయనది, మూడోది ఈయనది. ఇంటికి ఎవరొచ్చినా టీ తాగే లోపల ఆ కాలిపరు చూడవలసిందే. నాకు పెళ్ళిచూపుల్లో కూడా చూపించారు. నేను కుదురుగా కూర్చుని మూడు నంబర్లూ చదివానని సంబంధం ఖాయం చేశారని మా ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఇది తెలియకపోతే ఆయన నా ట్యాబ్‌కి చేసిన పని చూసి ఎవరైనా మతిపోయిందనుకుంటారు. నేను కూడా ఒక పూట అలాగే అనుకున్నాను.

ఆ ట్యాబ్ అసలు అమ్మాయి క్లాసులు ఇంట్లోనే జరిగిన రోజుల్లో కొన్నది. తర్వాత అమ్మాయికి ఫోనొచ్చింది, ట్యాబ్ నా చేతికి వచ్చింది. నేను బ్లౌజులకి మగ్గం పని డిజైన్లు గీస్తాను. మెడ చుట్టూ లతలు, చేతుల మీద నెమళ్ళు, మామిడి పిందెలు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, మా పుట్టింటి వీధిలోనే, కుట్టుపని చేసే ఒక అక్క ఉంది. ఆవిడ దగ్గరికి వచ్చే వాళ్ళకి నా డిజైన్లు చూపిస్తుంది, నచ్చినవి కుట్టిస్తుంది. మొదట్లో కాగితం మీద గీసేదాన్ని. ట్యాబ్ వచ్చాక వేలితో గీయడం మొదలుపెట్టాను. వేలు లావు, గీత సన్నం. నెమలి కన్ను గీయబోతే ముక్కు కూడా చెరిగిపోయేది. పైగా దానికి వయసైపోయి, నేను గీసిన గీత తెర మీద కనబడేసరికి నా చెయ్యి ఇంకో చోటికి వెళ్ళిపోయేది.

శ్రావణం వెళ్ళగానే సాలువా పోలీసు క్యాంపు నుంచి ఒక పెళ్ళివారు అక్క దగ్గరికి వచ్చారు. ఇంటిల్లిపాదికీ బ్లౌజులు, అన్నీ దుర్గాపూజ లోపలే కావాలి. అక్క నన్ను పిలిచి మొహమాటం లేకుండా చెప్పింది.

"ఒల్లే, పెన్నుతో గీసి కొలతల్తో ఇయ్యగలవా సెప్పు. ఇస్తే ఈ పనంతా నీదే. నేకపోతే మేదినీపూర్‌లో ఒకామె ఉన్నాది, ఆమె కంప్యూటర్లో గీసిస్తాది. నానేటి చేసేది, ఆళ్ళు అలగే అడుగుతున్నారు."

అంటే పెన్నున్న కొత్త ట్యాబ్ కావాలి. నేను దాచుకున్నదానికి పాత ట్యాబ్ ఎక్స్చేంజి ధర కలిస్తే సరిగ్గా సరిపోతుంది. కలవకపోతే సరిపోదు. మా ఆయన్ని అడగవచ్చు, కానీ అడగదలచుకోలేదు. దానికి కారణం ఉంది. మా ఇంట్లో నేను చేసేదాన్ని ఎవరూ పని అనరు. బొమ్మలంటారు. "అమ్మ బొమ్మలు గీసుకుంటోంది" అంటుంది అమ్మాయి. మావయ్య ట్రాఫిక్‌లో తన పాత స్నేహితులతో టీకొట్టు దగ్గర కూర్చుని, "మా కోడలు బొమ్మలు గీసుకుంటాది, టైము పాసవుతాది" అనగా నా చెవులారా విన్నాను. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధి మొత్తానికి తెలుసు, అయినా పెద్దాయన్ని స్నేహితుల ముందు ఏమీ అనలేక ఇంటికొచ్చి పప్పుగుత్తి విసిరికొట్టాను. దాని మీద కూడా నంబరుంది.

గోల్‌బజార్‌లో పాత ఫోన్లూ ట్యాబ్‌లూ తీసుకుని కొత్తవి ఇచ్చే కొట్టొకటి ఉంది. వెళ్ళే ముందు ఫోన్లో వాళ్ళ యాప్ అడిగే ప్రశ్నలకి జవాబులిస్తే ధర ఎంత వస్తుందో చూపిస్తుంది. తెర పగిలిందా, లేదు. బటన్లు పనిచేస్తున్నాయా, చేస్తున్నాయి. వెనక గీతలున్నాయా, లేవు. నిజంగానే లేవు. అమ్మాయి అతికించిన బొమ్మల స్టిక్కర్లుండేవి, కొబ్బరినూనె రాసి గోటితో గీకి ఒక్కొక్కటీ తీసేశాను. నేను అద్దాలు కుట్టి చేసిన గుడ్డ కవరు తీసేశాను. బంగారు రంగు అంచు తీసేశాను. ఇన్నాళ్ళూ ముద్దుగా దాన్ని మా సొంతం చేసుకోవడానికి అతికించినవన్నీ, ఇచ్చేసే రోజు వచ్చేసరికి చెత్తబుట్టలోకి పోయాయి. లోపల్నుంచి వెండిరంగు వీపు నున్నగా మెరుస్తూ బయటపడింది.

ఆ నున్నటి వీపు మావయ్య కంట పడింది.

రాత్రి అన్నాలప్పుడు అడిగారు. "ఎవరికిచ్చేస్తావమ్మా దాన్ని?"

"కొట్టువాళ్ళకి మావయ్యా."

"ఆళ్ళేటి చేస్తారు?"

"తుడిచి బాగుచేసి ఇంకెవరికో అమ్ముకుంటారు."

"మరి ఎవరి సేతిలోంచి వొచ్చిందో ఆ కొన్నోడికెలా తెలుస్తాది?"

"తెలియక్కర్లేదు మావయ్యా" అన్నాను, చారు వడ్డిస్తూ. ఆ మాట అంతటితో మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

మర్నాడు పొద్దున్న అక్క దగ్గరికి వెళ్ళి, కొత్తది ఇవాళే తెచ్చేస్తాను, ఆ పని ఎవరికీ ఇవ్వకు అని గొప్పగా చెప్పి మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. మావయ్య గడపలోనే నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. చేతిలో పసుపుపచ్చ గుడ్డలో చుట్టిన ట్యాబ్.

"నానూ వొస్తాను. ఆడు తక్కువ సెప్తే నాతో మాటాడమను" అని గుడ్డ విప్పి చూపించారు.

వీపు మధ్యలో ఆయన నంబరు. కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఫిట్టర్, ఖరగ్‌పూర్ అని. సుత్తితో అంకెల పంచ్ కొడితే అద్దం పగులుతుందని తెలుసు కాబట్టి, ఇనుము మీద గీత గీసే సన్నటి ఉక్కుమొనతో, స్కేలు పెట్టి, అంకెకీ అంకెకీ మధ్య సమానంగా చోటు వదిలి చెక్కారు. పొద్దుటినుంచీ అదే పని మీద ఉన్నారన్నమాట. అంత చక్కగా అచ్చులో కూడా పడదు. లోతుగా కూడా ఉంది. వేలితో తడిమితే తగులుతోంది.

నేను ఆ అంకెల్నే చూస్తూ నిలబడ్డాను. 

"ఏటలా సూస్తున్నావు? మనది మంచి సెయ్యి అని ఆళ్ళకి తెలవద్దేటి? నంబరు నేని సామానుకి ఎవడిస్తాడు ధర?" అన్నారు. ముఖం వెలిగిపోతోంది. రిటైరయ్యాక ఆ నంబరుతో ఇంకొకరికి ఉపకారం చేసే అవకాశం ఆయనకి ఇదే మొదటిది. అది నాకు అప్పుడే అర్థమైంది, అందుకే అరవలేకపోయాను. గీతలున్నాయా అన్న ప్రశ్నకి లేవని జవాబిచ్చి ఉన్నాను. ఇవి గీతల కింద రావేమో, రాత కింద వస్తాయేమో అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఆయన్ని టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కించాను.

కొట్లో ఒక బెంగాలీ అమ్మాయి కూర్చుని ఉంది. మర్యాద తెలిసిన పిల్ల. నన్ను దీదీ అంది, ఆయన్ని తాతగారన్నట్టు దాదూ అని కుర్చీ వేసింది. మావయ్య కూర్చోలేదు. ఆ అమ్మాయి తెర మీద వేలితో అడ్డంగా నిలువుగా గీసి చూసింది, ఫొటో తీసింది, పాట పెట్టింది, చార్జింగ్ పెట్టి తీసింది. ఒక్కొక్కటి సరిగ్గా ఉన్నప్పుడల్లా మావయ్య తల ఊపుతున్నారు, ఇంజనుని తనిఖీ చేయిస్తున్నంత శ్రద్ధగా. తర్వాత నా పేరూ, ఫొటోలూ, డిజైన్లూ అన్నీ తుడిచెయ్యమంది. తుడిచేశాను. తెర మీద కొత్తదాంట్లో వచ్చే పలకరింపు వచ్చింది.

"బస్, దీదీ. ఇప్పుడిది ఎవరిదీ కాదు" అని హిందీలో అంటూ వెనక్కి తిప్పింది.

"ఎటా కీ?" అంది. ఇదేమిటని.

"ఆమార్ నంబర్" అన్నారు మావయ్య, బెంగాలీలో, కొంచెం నిటారుగా నిలబడి. నా నంబరని.

ఆ అమ్మాయి ఫోనుతో వీపు ఫొటో తీసింది. కాసేపు చూసి పెదవి కొరుక్కుంది. తెర నా వైపు తిప్పింది. ధర సగానికి సగం పడిపోయింది.

"గీతలు లేవని రాశారు కదా దీదీ. ఇంత లోతు గీతలుంటే యాప్ అట్టడుగు తరగతిలో వేస్తుంది."

నేను నోరు తెరిచే లోపల మావయ్య అందుకున్నారు. బెంగాలీ, హిందీ కలిపి, మధ్యలో తెలుగు పడిపోతూ, తాను గీకలేదని, రాశానని, అది రైల్వేవాళ్ళ పద్ధతని, మంచి మనిషి చేతిలోంచి వచ్చిందని కొన్నవాడికి తెలియాలని, కాలిపరు గురించీ మూడు నంబర్ల గురించీ అన్నీ చెప్పారు. ఆ అమ్మాయి విసుక్కోలేదు. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నా మొత్తం విన్నది.

"లేఖాటా ఖూబ్ సుందర్, దాదూ" అంది. రాత చాలా అందంగా ఉందని. "కానీ దీంట్లో రాత అని పెట్టడానికి లేదు. గీత ఉందా, లేదా, అంతే."

"మరి కొన్నోడు ఎవరిదో సూసుకోడా?"

"లేదు దాదూ. ఎవరూ వాడనట్టుండాలి. అప్పుడే కొంటారు."

మావయ్య ఇందాక వేసిన కుర్చీలో అప్పుడు కూర్చున్నారు.

నేను ఆలోచించుకుని వస్తానని ట్యాబ్ తీసేసుకున్నాను. టోటో ఎక్కి ఇంటికి బయల్దేరాం. మామూలుగా ఆ దారిలో ఆయన ఏ క్వార్టర్లో ఎవరుండేవారో, ఎవరికి ఎక్కడికి బదిలీ అయిందో చెబుతూనే ఉంటారు. ఆ రోజు ఇంటి సందు తిరిగాకే, "సగమా?" అన్నారు.

"సగమేం కాదులెండి. కొంచెం తగ్గింది."

"నా సెవులు బాగానే ఇనపడతాయమ్మా" అన్నారు.

పెద్దాయన మీద చూపించలేని కోపమంతా నేను ఫోన్లో, సాలువా వాళ్ళ పని చెయ్యి జారిపోతుందని ఇల్లంతా వినబడేలా, మా ఆయన మీద చూపించాను. ఆయన ఎక్కడో రన్నింగ్ రూములో అప్పుడే నిద్ర లేచినట్టున్నారు. కథంతా విని పగలబడి నవ్వారు.

"నా పెళ్ళి సూట్‌కేసు మీద కూడా కొట్టినాడు కదే. నువ్వు సూసుకోలేదా? పోనీ నేను ఇస్తాను, కొనుక్కో. బొమ్మలకేగా."

ఆ ఆఖరి మాటతో నేను ఫోను పెట్టేశాను. ఆయన మంచిమనసుతోనే అన్నారు, నాకు తెలుసు. అయినా ఆ మాట గుచ్చుకుంది. బొమ్మలకైతే నాకు ఎవరి దగ్గరా అక్కర్లేదు. పని కోసమైతే పని డబ్బే కావాలి. ఆ రాత్రి వంట ఎవరికీ రుచించలేదు. మావయ్య కాలిపరు పెట్టె కూడా తెరవలేదు.

మర్నాడు మధ్యాహ్నం డాబా మీద బట్టలు తీస్తుంటే కింద వెనక వరండాలోంచి చప్పుడు వినిపించింది. బరబరమని, ఆగి మళ్ళీ బరబరమని. పాత ఇనుము మీద తుప్పు తీస్తున్నప్పుడు వచ్చే చప్పుడు. బట్టలు భుజాన వేసుకుని దిగాను.

మావయ్య వరండా గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ట్యాబ్, బోర్లా. చెక్కముక్కకి చుట్టిన గరుకు ఎమరీ కాగితం, పక్కన మిషను నూనె చుక్క. తన నంబరు తానే రుద్దుతున్నారు. మొదటి అంకె, ఆ ఏడు, అప్పటికే పోయింది. దాని చోట మబ్బుగా ఒక మచ్చ ఉంది. మిగతా మూడూ ఇంకా ఉన్నాయి.

"ఏం చేస్తున్నారు మావయ్యా!" అని అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీ తీశారు.

ఆయన తల ఎత్తలేదు. "నా వొల్ల సగం పోయింది కదా. ఇది గీకీస్తే ఆ సగం మళ్ళీ వొస్తాది."

"నంబరు గీకేసిన సామాను దొంగసామానని మీరే కదా అంటారు?"

"అంటాను."

"మరి?"

"దొంగసామానైతే అవనీ. నాకేటి" అని, చెక్కముక్క పక్కన పెట్టి అప్పుడు నా వైపు చూశారు. "నీ పనాగిపోతే ఎలాగమ్మా? ఆ సాలువా ఆళ్ళు పూజ దాటితే ఆగుతారేటి?"

పని అన్నారు. బొమ్మలనలేదు. నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో, ఆ ఇంట్లో, నేను చేసేదాన్ని ఆ పేరుతో పిలవడం నేను వినలేదు. ఆ మాట అనడానికి ఆయన దేన్ని చెరుపుతున్నారో చూశాను. ఆ నంబరు ఆయన ఇంట్లో చీపురు నుంచి మంచం దాకా అన్నిటి మీదా వేసుకున్నారు కానీ, దేని మీదనుంచీ ఎన్నడూ తీయలేదు. వర్క్‌షాపులో ఎవరైనా అలా తీస్తే ఆయనే ముందు నిలదీసేవారు. బట్టలు గట్టు మీద పడేసి, ఆయన పక్కనే నేల మీద కూలబడి ఏడ్చేశాను. సిగ్గుపడలేదు. కోపం ఎంత తొందరగా వస్తుందో నాకు ఏడుపు కూడా అంత తొందరగానే వస్తుంది.

ఆయన కంగారుపడిపోయారు. "గీత పడిందేటి? ఎక్కడ? నాను నెమ్మదిగానే రుద్దినాను" అని ట్యాబ్‌ని వెలుతురులోకి తిప్పి చూసుకుంటున్నారు.

"ఇంక ఒక్క అంకె కూడా చెరపొద్దు" అని ఎమరీ కాగితం లాక్కున్నాను. "రేపు మీరు నాతో రావాలి. మీ చేత్తోనే ఇవ్వాలి."

"ఆ పిల్ల తీసుకోదమ్మా."

"తీసుకుంటుంది. నేను చూసుకుంటాను."

మర్నాడు మళ్ళీ టోటో, మళ్ళీ గోల్‌బజార్. ఆ అమ్మాయి వీపు చూసి, మచ్చ చూసి, మావయ్యని చూసింది.  మళ్ళీ ఫొటో తీసింది. ధర అదే వచ్చింది. అట్టడుగు తరగతి కింద ఇంకో అడుగు లేదు కదా. పోనీ అన్నాను. నేను అనుకున్న పెద్ద తెరది రాదు, పెన్నుతో పనిచేసే చిన్నది వస్తుంది. చిన్న తెర మీద పెద్ద నెమలిని గీయలేను, పెంచి పెంచి ముక్కలుగా గీసుకోవాలి. కళ్ళు లాగుతాయి. అయినా పని అవుతుంది. దానికే సరే అన్నాను.

పాతది ఇవ్వవలసి వచ్చినప్పుడు బల్ల మీద పెట్టమంది. మావయ్య పెట్టలేదు. గుడ్డతో ఒకసారి తుడిచి, రెండు చేతులతో ఆ అమ్మాయి వైపు చాపారు. ఆ అమ్మాయి ఒక్క క్షణం చూసి, లేచి నిలబడి, రెండు చేతులతో అందుకుంది. మూడంకెల నంబరుతో అది అద్దాల బీరువా వెనక్కి వెళ్ళిపోయింది. అది ఎవరి చేతికి చేరిందో మాకు తెలియదు. ఎవరైనా ఆ అంకెలు చూసి ఇదేమిట్రా అనుకుని ఉంటారు.

ఇంటికి వచ్చి కొత్తదాన్ని పెట్టెలోంచి తీశాను. వీపు మళ్ళీ నున్నగా, ముదురు బూడిద రంగులో. మావయ్య దాని వైపు చూడకుండా పేపరు చదువుకుంటున్నట్టు నటిస్తున్నారు. ఆయన కర్రపెట్టె నేనే తెచ్చి, ఉక్కుమొన తీసి ఆయన ముందు పెట్టాను.

"నంబరు వెయ్యండి మావయ్యా."

"ఒద్దమ్మా. రేపు మళ్ళీ ఇచ్చీసినప్పుడు సగం పోతాది. తెలిసినాక కూడా చేస్తే అది బుద్ధి తక్కువ."

"పోతే పోనివ్వండి. ఇచ్చెయ్యడానికి కొనుక్కున్నానా? పని చేసుకోవడానికి కొనుక్కున్నాను."

ఆయన ఉక్కుమొన చేతిలోకి తీసుకున్నారు. "పోనీ కనబడకుండా మూల్న ఏస్తాను" అన్నారు.

"కనబడేటట్టు, మధ్యలో వెయ్యండి."

కళ్ళజోడు తుడుచుకున్నారు. సుద్దముక్కతో వీపు మీద తెల్లగా రుద్దారు, గీత కనబడడానికి. స్కేలు పెట్టారు. నేను ఆ ఏడు కోసం ఎదురుచూస్తూ పక్కన కూర్చున్నాను. ఆయన నిలువుగా ఒక గీత గీశారు. పైన చిన్న కొక్కెం, కింద చిన్న అడ్డగీత. సుద్ద ఊదేసి, వేలితో తడిమి చూసి, ఉక్కుమొన పక్కన పెట్టేశారు.

"ఇదేంటి, ఒకటి వేశారు? మీ నంబరు ఏడుతో కదా మొదలు?"

"నాది నాకున్నాది" అన్నారు. "ఇది నీది. ఈ ఇంట్ల ఈ పనిలో ముందు సేరింది నువ్వే కదా. మరి నీది ఒకటో నంబరు కాదేటి?"

 ఆయన పనిముట్లన్నీ తుడిచి, పెట్టెలో ఎక్కడివక్కడ సర్ది, మూత వేశారు. తర్వాత కొత్త ట్యాబ్ తీసుకుని, రెండు చేతులతో నా వైపు చాపారు.

"మరింక లే" అన్నారు. "సాలువా ఆళ్ళ పనున్నాది కదా."